ఊడ్వని గడి

అబ్జర్వేటరీ హాస్టల్, కొండ మీద
అక్టోబరు 9

అత్తా,

క్షేమంగా చేరాను. నాలుగు రోజులైనా ఫోన్ చెయ్యలేదని నాన్నని సాధిస్తూ ఉంటావు. తప్పు నాన్నది కాదు. ఇక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని సొరుగులో పెట్టేస్తారు. మా డిష్, అంటే రేడియో టెలిస్కోపు, ఆకాశం నుంచి వచ్చే గుసగుసల కోసం చెవి ఒగ్గి కూర్చుంటుంది. దాని పక్కన ఫోన్ మోగితే, చెవిలో రహస్యం చెప్పుకునేవాళ్ళ మధ్య డప్పు కొట్టినట్టే. నెలకోసారి కిందికి దిగినప్పుడు నాన్నతో మాట్లాడతాను. నీకు మాత్రం ఉత్తరాలే. ఫోన్లో "తిన్నావా, పడుకున్నావా" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు నువ్వు. కాగితం మీదైతే నీకు నోరు లేస్తుంది.

బస్సెక్కుతుంటే అడిగావు కదా, "ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేమిటే?" అని. అప్పుడు చెప్పే వీల్లేకపోయింది. ఇప్పుడు చెప్తాను.

నక్షత్రాల మధ్య చోటు వట్టి ఖాళీ కాదు. పల్చటి గ్యాసు ఉంటుంది, ఎక్కువగా హైడ్రోజన్. ఒకచోట పుట్టిన పెద్ద నక్షత్రాల గుంపు చుట్టూ గాలులు ఊదుతుంది. తర్వాత ఒక్కొక్కటే పేలిపోతుంది. ఆ ఊపుకి గ్యాసంతా నెట్టుకుపోయి మధ్యలో డొల్ల, చుట్టూ గోడ మిగులుతాయి. దాన్ని మేం గుల్ల అంటాం. నేను చూసే గుల్లకి ఈ అంచు నుంచి ఆ అంచుకి వెలుతురు పోవాలంటే వెయ్యేళ్ళు పడుతుంది. ఆ గోడలో గ్యాసు ఒత్తుగా చేరి చల్లబడుతుంది. అంతవరకు ఒంటరిగా తిరిగిన హైడ్రోజన్ పరమాణువులు జంటలు కట్టి అణువులవుతాయి. అలాంటి జంటలు లెక్కలేనన్ని ఒకచోట చేరితే అణు మేఘం. కొత్త నక్షత్రాలు పుట్టేది అందులోనే.

నీకు నచ్చే సంగతి ఒకటుంది. ఆ జంటలు ఊరికే కుదరవు. దుమ్ము కణం మీద వాలితేనే ఒకదానికొకటి దొరుకుతాయి. ఇరవై రెండేళ్ళుగా నువ్వు తిట్టుకుంటూ ఊడుస్తున్న దుమ్ము అక్కడ పెళ్ళిపెద్ద!

నా ప్రశ్న ఒక్కటే. ఆ మేఘాలని గుల్ల తయారు చేసిందా, లేక ముందే ఉన్న మేఘాలు దానికి దారిలో తగిలాయా?

నీ సుద్దముక్క


మిల్లు క్వార్టర్స్, మూడో వరుస
అక్టోబరు 24

సుద్దముక్కా,

మీ నాన్న నీ ఉత్తరం పట్టుకొచ్చి "అక్కా, చదువు" అని గుమ్మంలోనే కూలబడ్డాడు. నువ్వు రెండో తరగతిలో బడి నుంచి సుద్దముక్కలు కొట్టుకొచ్చి, గచ్చు మీద నా చేత అక్షరాలు దిద్దించకపోయుంటే, ఇవాళ ఇద్దరం కలిసి ఆ కాగితాన్ని తిరగేసీ బోర్లేసీ చూసేవాళ్ళం. రెండుసార్లు చదివించుకున్నాడు. "గుల్ల అంటే ఏమిటి?" అని అడిగితే "నీ బుర్ర" అన్నాను. లారీ తోలేవాడికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదులే.

నీ ప్రశ్న నాకు కొత్త కాదే. నా బతుకంతా అదే ప్రశ్న. సాయంత్రానికి స్పిన్నింగ్ హాలు చివర దూది నూగు నడుమెత్తు కుప్ప అవుతుంది. మేస్త్రీ వచ్చి "ఏ యంత్రం ఇంత రాల్చింది?" అంటాడు. కుప్పని చూసి ఎవడు చెప్పగలడు? చీపురు అంతా కలిపేసింది కదా. అందుకని నేనో పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి యంత్రం పక్కనా సుద్దతో మూరెడు గడి గీస్తాను. సోమవారం నుంచి శనివారం దాకా ఆ గడిలో చీపురు పెట్టను. ఏ యంత్రం ఎంత రాలుస్తోందో గడే చెప్తుంది. కుప్పకి నోరు లేదు, గడికి ఉంది.

నువ్వేం గడి గీస్తున్నావు?

కవర్లో నూగు పడితే దులుపుకో.

అత్త


అబ్జర్వేటరీ హాస్టల్
డిసెంబరు 20

అత్తా,

దొరికాయి! గోడలో ఏడు అణు మేఘాలు. పూసలు గుచ్చినట్టు గోడ వెంబడే ఉన్నాయి. నాకు పరిశోధన నేర్పే మా మేడమ్ ఎవరినీ పొగడదు. "బాగానే ఉంది" అంటే ఇక్కడ సన్మానం చేసినట్టు. ఆవిడ నా పటం చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసి "చాలా బాగుంది" అంది. నా పక్క సీటు అబ్బాయి ఆ మాట తేదీతో సహా గోడ మీద రాసి పెట్టాడు.

ఎలా చూస్తామో చెప్తాను. చలిలో జంట కట్టిన హైడ్రోజన్ నోరు విప్పదు. దాని వెంట తిరిగే కార్బన్ మోనాక్సైడ్ మాత్రం చిన్నగా పలుకుతుంది. మేం దాన్ని వింటాం. కానీ డిష్‌కి తన రొద తనకుంటుంది, గాలి రొద ఉంటుంది. అందుకని కాసేపు మేఘం వైపు చూసి, కాసేపు పక్కనున్న వట్టి చోటు వైపు తిరిగి, మొదటి దానిలోంచి రెండోది తీసేస్తాం. రొద పోయి మేఘం పలుకు మిగులుతుంది. గుల్లకి బయట ఒక వట్టి చోటు చూసుకున్నాను. మొత్తం పనికి అదొక్కటే వాడాను.

బయట ఏమీ లేదు, గోడలో ఏడు మేఘాలున్నాయి. అంటే ఆ ఏడూ గుల్ల చేసినవే. వ్యాసం రాసేశాం, నా పేరే ముందు. మార్చిలో పెద్ద సభలో మేడమ్ దాన్ని చదువుతుంది. అది చూసి కమిటీవాళ్ళు నాకు ఇక్కడే ఇంకో మూడేళ్ళు చోటిస్తారు. లేకపోతే మార్చి ఆఖరుకి పెట్టె సర్దుకోవడమే. కానీ ఇక ఆ భయం లేదు.

నాన్నకి చెప్పు.

సుద్దముక్క


మిల్లు క్వార్టర్స్
జనవరి 5

పెద్ద చదువులమ్మా,

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. వరుసలో తొమ్మిది గుమ్మాలున్నాయి, తొమ్మిదింటికీ వెళ్ళి "మా అమ్మాయి ఏడు మేఘాలు కనిపెట్టింది" అన్నాడు. ఎనిమిదో ఇంటి ముసలాయన "వాన పడుతుందా?" అని అడిగాడట. మూడు రోజులు మాట్లాడలేదు ఆయనతో.

నువ్వు పంపిన పటం నకలు మా విశ్రాంతి గదిలో అతికించాను. ఆడవాళ్ళందరూ చూశారు. నాకూ గర్వంగానే ఉంది. అయినా ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఆ వట్టి చోటు వట్టిదని నీకెవరు చెప్పారు? నువ్వు వెళ్ళి చూశావా, లేక దూరం నుంచి చూస్తే గచ్చంతా శుభ్రంగానే కనిపించినట్టా? గోడలో ఎంతుందో చెప్పావు. చీపురు పట్టని చోట ఎంతుందో చెప్పలేదు.

ఇక్కడా గడి గోలే. కొత్తగా తెచ్చిన తొమ్మిదో నంబరు యంత్రం గడిలో మిగతావాటికి రెండింతలు నూగు పడుతోంది. మేస్త్రీకి చూపించాను. ఆ యంత్రం తెప్పించింది ఆయనే కదా, మొహం మాడ్చుకుని "చెరిపెయ్, పైవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు" అన్నాడు. చూద్దాం.

నూగు దులుపుకో.

అత్త


అబ్జర్వేటరీ హాస్టల్
జనవరి 17

అత్తకి,

ఉత్తరం అందింది. పని ఎక్కువగా ఉంది. వట్టి చోట్లు ఎలా ఎంచుకోవాలో దానికి పద్ధతులుంటాయి. అవి నూలు మిల్లు లాంటివి కావు. అన్నిటినీ చీపురుతో పోల్చకూడదు.

నాన్నని అందరికీ చెప్పొద్దను.

ఉంటాను.


మిల్లు క్వార్టర్స్
ఫిబ్రవరి 2

సుద్దముక్కా,

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించలేదు. "పని ఎక్కువగా ఉందట" అని ఊరుకున్నాను.

నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడూ అంతే. ఎవరూ అడక్కముందే వచ్చి "పలకలకి పద్ధతులుంటాయి, అవి వాటంతటవే పగులుతాయి" అన్నావు. ఆరేళ్ళ దానివి.

ఏం పగిలింది?

అత్త


అబ్జర్వేటరీ హాస్టల్
ఫిబ్రవరి 14

అత్తా,

క్షమించు. ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాటి నుంచే సిగ్గుగా ఉంది.

నీ ప్రశ్న చదివిన రోజు నవ్వేసి పక్కన పెట్టాను. తర్వాత భోజనం దగ్గర ఒకటి గుర్తొచ్చింది. ముద్ద నోట్లోకి వెళ్ళలేదు. డిష్ వినే పలుకుని మేం కాగితం మీద గీతలా చూస్తాం. మేఘం ఉన్నచోట గీత పైకి లేస్తుంది. నా గీతలన్నిట్లో ఒకేచోట ఒక చిన్న గుంట ఉంది. ఒకదాంట్లో ఉంటే ఆలోచించేదాన్నేమో. అన్నిట్లో ఒకేలా ఉంది కాబట్టి యంత్రం లోపమనుకుని, ఆ గుంటని పూడ్చి గీత సాపు చేసేశాను. మూడు వందల పన్నెండు గీతలు, ఓపిగ్గా.

గుంట యంత్రానిది కాదత్తా. వట్టి చోటుది. అక్కడ మేఘం ఉంది. దాన్ని ప్రతిదాంట్లోంచీ తీసేశాను కాబట్టి ప్రతిదాంట్లోనూ గుంట పడింది. గుల్ల ఇంకా చేరని చోట, చీపురు పట్టని చోట, అణు మేఘం దానంతటదే ఉంది. అలాంటివి బయట ఇంకెన్నున్నాయో నాకు తెలీదు. నేను చూడలేదు. అందుకని ఏడు మేఘాలూ గుల్ల చేసినవే అనే హక్కు నాకు లేదు.

ఇది తెలిసి నెల దాటింది. ఎవరికీ చెప్పలేదు. సభకి ఇంకా మూడు వారాలుంది. రోజూ మేడమ్ గది ముందు నుంచి నడుస్తాను. లోపలికి వెళ్తే మూడేళ్ళ చోటు పోతుంది. నాన్న తొమ్మిది గుమ్మాలకీ చెప్పాడు. మన ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. వేరేవాళ్ళు తప్పు చేస్తే ఒక మనిషి తప్పు చేసినట్టు. నేను చేస్తే "చూశారా, అందుకే" అంటారు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. గీతలు సాపుగా ఉన్నాయి.

ఏం చెయ్యను?

సుద్దముక్క


మిల్లు క్వార్టర్స్
ఫిబ్రవరి 19

అమ్మలూ,

ఏం చెయ్యాలో తెలియకపోతే నన్ను అడిగేదానివి కాదు.

వెళ్ళి చెప్పు. తలుపు కొట్టాక ఆలోచించకు. "మేడమ్, వట్టి చోటు వట్టిది కాదు" అను. ఆ ఒక్క మాట బయటికొస్తే మిగతావి దాని వెనకే వస్తాయి.

తొమ్మిది గుమ్మాల సంగతి నాకొదిలెయ్. మీ నాన్నని నేను చూసుకుంటాను. వాడికి మేఘం ఎన్నో లెక్క కాదు, నువ్వు తిన్నావా లేదా అన్నదే లెక్క. నాకూ అంతే. తిను.

అత్త


అబ్జర్వేటరీ హాస్టల్
ఫిబ్రవరి 27

అత్తా,

చెప్పేశాను. నువ్వు రాసిచ్చిన మాటే అన్నాను. మేడమ్ కుర్చీలోంచి లేచి, సాపు చెయ్యని అసలు గీతలు తెమ్మంది. పాతిక దాకా వరసగా పరిచి చూసింది.

"ఎన్నాళ్ళయింది తెలిసి?"

"నలభై రోజులు."

"నలభై రోజులూ నాతో టీ తాగుతూనే ఉన్నావు."

అంతే అంది. తిడితే బాగుండేది. సాయంత్రానికి సభవాళ్ళకి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని రాసింది. తప్పు తన విద్యార్థిదని రాయలేదు, "మా తప్పు" అని రాసింది. కమిటీ మూడేళ్ళ చోటు వేరేవాళ్ళకిచ్చేసింది. మేడమ్ నాకు మాత్రం వచ్చే చలికాలం అయ్యేదాకా గడువు ఇప్పించింది. వేసవి నుంచి వానాకాలం దాకా గాలిలో తేమకి మా డిష్ సరిగ్గా వినలేకపోతుంది, అందుకని చలికాలం దాకా ఆగాలి. "గోడ ఎంత వెడల్పుంటే బయట అంత వెడల్పు చూడు. వట్టి చోటు అనే మాట ఈసారి నా ముందు వాడకు" అంది. గది బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఆకలేసింది. తిన్నాను.

ఇంకొకటి. నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదువుకున్నాను. మొదటి రెండింటి మడతల్లో ఇంకా నూగు ఉంది. ఈ మధ్య వచ్చిన రెండింట్లో ఒక్క పోగు లేదు. దులుపుకోమని కూడా నువ్వు రాయలేదు. తొమ్మిదో నంబరు గడి సంగతి "చూద్దాం" అని రాశావు, ఏమైందో తర్వాత చెప్పనేలేదు.

అత్తా, ఏం పగిలింది?

సుద్దముక్క


మిల్లు క్వార్టర్స్
మార్చి 10

దొంగపిల్లా,

గురువుకే పాఠం చెప్తావా! అవునులే, గురువువి నువ్వే కదా.

గడి చెరపలేదు. పైవాళ్ళు వచ్చిన రోజు హాలంతా అద్దంలా ఉంది, తొమ్మిదో నంబరు పక్కన మూరెడు చోట తెల్లగా నూగు పేరుకుని ఉంది. ఒకాయన "ఇదేమిటి?" అన్నాడు. మేస్త్రీ నోరు విప్పేలోపు నేనే చెప్పాను. అడిగినాయన తలూపి ముందుకి పోయాడు. మర్నాడు మేస్త్రీ నన్ను ప్యాకింగ్ షెడ్డుకి మార్చాడు. ఊడ్చేదానికి గడులు గియ్యడం ఎందుకు, అట్టపెట్టెలకి టేపు అంటించుకో అన్నాడు. జనవరి ఆఖర్లో సంగతి. ఇక్కడ నూగు ఉండదు, అందుకే నీ కవర్లో పడలేదు.

నీకెందుకు చెప్పలేదంటావా? నువ్వు మేడమ్ గది ముందు తిరుగుతున్న రోజులవి. నిజం చెప్తే నా గతి ఇదయిందని తెలిస్తే ఆ తలుపు కొట్టేదానివా? కొట్టేదానివేమో. కానీ నా పెట్టెలు తల్చుకుని కొట్టకుండా ఆగిపోతావేమో అని భయమేసింది. నీ తలుపు నువ్వే కొట్టాలి. అందుకని దాచాను. నాది నలభై రోజులు కూడా కాలేదు, నన్ను తిట్టకు.

మీ నాన్నకి అంతా చెప్పాను. "మరి ఆ ఏడు మేఘాలు ఉన్నాయా, పోయాయా?" అన్నాడు. "ఉన్నాయిరా, ఎవరు చేశారన్నదే తేలాలి" అన్నాను. "ఉన్నాయి కదా, చాలు" అని వెళ్ళి ముసలాయనతో మాట్లాడాడు.

పనికొస్తుందేమో, ఒక మాట. తడిసిన ముద్ద చీపురుకి కదలదు. చీపురే దాని మీదుగా పోతుంది, ముద్ద వెనకే మిగులుతుంది. పొడి నూగు మాత్రం చీపురు ముందర చేరి కుప్పవుతుంది. నీ ఏడింట్లో వెనకబడినవేవో చూడు.

అత్త


అబ్జర్వేటరీ హాస్టల్
మరుసటి ఏడు, ఫిబ్రవరి 21

అత్తా,

వ్యాసం అచ్చయింది. ఈ కవర్లో పెట్టాను. పోయినేటి దానికంటే చిన్నది. చివర ప్రశ్నలు కూడా మిగిలాయి.

చలికాలమంతా బయటి చోటే చూశాను. మా డిష్‌కి పగలైనా రాత్రైనా ఒకటే కాబట్టి పగలంతా దాని పక్క గదిలో, మూడు స్వెట్టర్లేసుకుని. గోడంత వెడల్పు బయట గడులు గడులుగా కొలిచాను. బయట నూరు పాళ్ళ గ్యాసులో పదకొండు పాళ్ళు జంటలు కట్టి ఉన్నాయి. గోడలో పంతొమ్మిది. అంటే గుల్ల పని చేసింది, నిజంగానే చేసింది, కానీ అంతా అదే చెయ్యలేదు. గుల్ల లేకపోయినా కొన్ని మేఘాలు ఉండేవి.

నీ తడిముద్దలూ దొరికాయి. ఏడింట్లో మూడు, గోడకి లోపలి వైపు వెనకబడి ఉన్నాయి. అవి ముందు నుంచీ ఉన్నవి. బరువుకి కదల్లేదు, గోడ వాటి మీదుగా దాటిపోయింది. మిగతా నాలుగూ గోడతోపాటే కదులుతున్నాయి. అవి గుల్ల చేర్చినవే కావచ్చు. "కావచ్చు" అనే రాశాను. మేడమ్ ఆ మాట కింద గీత గీసి, పక్కన "బాగానే ఉంది" అని రాసింది.

నాకు ఇంకో ఏడాది ఇచ్చారు. మూడు కాదు, ఒకటి. అందులో సగం రోజులు వేరేవాళ్ళ కోసం డిష్ నడిపే పని. ఇష్టంగానే ఒప్పుకున్నాను.

వ్యాసం చివర సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పే చోట నిన్ను రాశాను. "ఏ సంస్థ?" అని మేడమ్ అడిగితే "స్పిన్నింగ్ హాలు" అన్నాను. "అలాగే రాయి" అంది.

ఒక మాట ఎప్పటి నుంచో చెప్పాలని ఉంది. మన ఇంట్లో నాకు ముందు చదువే లేదని అందరితో అంటూ ఉంటాను. ఇంటర్వ్యూలోనూ అలాగే చెప్పాను. నాకు ముందంతా వట్టి చోటు అన్నట్టు. ఇక అలా చెప్పను.

సుద్దముక్క


మిల్లు క్వార్టర్స్
మార్చి 6

సుద్దముక్కా,

కాగితం అందింది. అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. చివర నా పేరు మాత్రం ఆ పరాయి అక్షరాల్లో కూడా గుర్తుపట్టాను, నువ్వు దాని కింద పెన్సిలుతో గీశావు కదా. మీ నాన్న దాన్ని పట్టుకుని మళ్ళీ తొమ్మిది గుమ్మాలూ తిరిగాడు. ఈసారి "ఏడింట్లో నాలుగు, అదీ కావచ్చు" అని చెప్పాడట. ముసలాయన "మొన్నటికంటే ఇప్పుడు నమ్మబుద్ధవుతోంది" అన్నాడట.

పొగడ్తలు చాలించు. నేను చదివింది నీ సుద్దముక్కల మేరకే. అయినా ఆ చివరి మాటలు రెండుసార్లు చదువుకున్నాను. వాడికి వినిపించలేదు. అవి నావి.

తొమ్మిదో నంబరు ఇంకా రాలుస్తూనే ఉందట. ఇప్పుడు ఊడ్చే పిల్ల చెప్పింది. ఆ పిల్ల చేతిలో ఓ సుద్దముక్క పెట్టాను.

ఇక్కడ నాకు బాగానే ఉంది. అట్టపెట్టెలు, టేపు, కాటా. ప్యాకింగ్ షెడ్డులో దుమ్మే ఉండదని అందరూ అంటారు. ఏడాదిగా నేనూ అదే అంటున్నాను. మొన్న సోమవారం కాటా పక్కన ఓ గడి గీశాను. శనివారం దాకా ఆగి చూడాలి.

అత్త